డిసెంబర్ జబ్బులు

“ఇంకెవరికైనా ఏమైనా జబ్బుందా?”

పప్పన్నంలో నెయ్యి కలుపుకుంటూ దామోదర్ అడిగాడు. పెళ్ళి పంక్తిలో గారెల పళ్ళెం పట్టుకుని తిరిగేవాడు ఇంకెవరికి కావాలని అడిగినట్టు, అంత ఉదారంగా అడిగాడు. తల్లి రాజేశ్వరమ్మ వైపు చూశాడు. ఆవిడ కాస్త ఆలోచించి, పొద్దున్నే మోకాళ్ళు పట్టేస్తున్నాయంది. కూతురు విద్య వైపు చూశాడు. పదమూడేళ్ళ పిల్ల “నో డాడీ, ఐ యామ్ ఫైన్” అనేసి కంచంలోకి తల దించుకుంది. కన్నకూతురికి ఏ రోగమూ లేనందుకు అతను నిజంగానే కొంచెం నిరుత్సాహపడ్డాడు. పొయ్యి దగ్గర అప్పడాలు వేయిస్తున్న భార్య శశికళ వైపు మాత్రం ఆ చూపు రాలేదు. విద్య దగ్గర్నుంచి తిన్నగా మళ్ళీ కంచంలోకే దిగింది. అప్పడాలు వేయించే మనిషికి జబ్బేమిటి? అది అప్పడాలు వేయిస్తుంది.

1986 డిసెంబర్. మిషిగన్‌లోని నోవైలో ఆ ఏడు మంచు ముందే పడింది. దామోదర్ కారు బ్రేకుల కంపెనీలో ఇంజనీరు. శశికళ కారు సీట్లు తయారుచేసే ఇంకో కంపెనీలో బిల్లులు చెల్లించే విభాగంలో గుమాస్తా. ఆ జనవరిలో ఆమె ఆఫీసులో కొత్త పథకమొకటి పెట్టారు. ప్రతి జీతంలోంచీ కొంత, టాక్స్ పట్టకముందే, వైద్యం కోసమని పక్కన పెడతారు. డాక్టరుకో, పళ్ళకో, కళ్ళజోడుకో ఖర్చుపెట్టి రసీదు చూపిస్తే తిరిగిస్తారు. డిసెంబర్ ముప్ఫై ఒకటిలోగా ఖర్చు కానిది మురిగిపోతుంది, అంటే కంపెనీ ఉంచేసుకుంటుంది. సంగతి ఇంతే. దామోదర్ దీన్ని తనే కనిపెట్టినంత సంబరపడ్డాడు. తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎక్కడ భోజనాలకి పిలిచినా పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని మగవాళ్ళందరికీ దీని గురించే ఉపన్యాసం. “టాక్స్ ఫ్రీ అండీ! బుర్ర ఉపయోగించాలంతే” అనేవాడు. ఆఫీసు శశికళది, జీతం శశికళది, కాగితం మీద సంతకం శశికళది. బుర్ర మాత్రం దామోదర్‌ది. అతని స్నేహితుడు రామమోహన్ ఒకసారి, “అయితే ఇది సిస్టర్ గారి అకౌంటా?” అని అడిగితే, “ఆవిడకివన్నీ ఏం తెలుస్తాయండీ, నేనే చూసుకుంటాను” అన్నాడు. కంపెనీ బిల్లులన్నీ పొద్దస్తమానం సరిచూసే ఆవిడ ఆ పక్కనే నిలబడి పిల్లలకి పెరుగన్నం కలుపుతోంది.

ఎంత పక్కన పెట్టాలో కూడా అతనే నిర్ణయించాడు. విద్య పళ్ళకి ఆ ఏడు తీగలు కట్టించాలని లెక్క. తీరా అక్టోబర్లో డాక్టరు చూసి, ఇంకో పాలపన్ను ఊడాలి, వచ్చే ఏడు చూద్దామన్నాడు. దాంతో డబ్బు మిగిలిపోయింది. మిగిలిన డబ్బు మురిగిపోతుందన్న ఆలోచన దామోదర్‌ని నిద్రపోనివ్వలేదు. మనిషికి నొప్పి వస్తే నిద్రపట్టకపోవడం శశికళకి తెలుసు. డబ్బు మురిగిపోతుందని నిద్రపట్టని మనిషిని ఆవిడ అప్పుడే చూసింది.

ఎందుకంటే నొప్పి ఆవిడకే ఉంది. మార్చి నెల నుంచీ కింది దవడ కుడివైపు వెనక పన్ను సలుపుతోంది. ఇదేమీ రహస్యం కాదు. పళ్ళ డాక్టరు నొవాక్, పెద్దావిడ, అప్పుడే చూసి చెప్పింది. రూట్ కెనాల్ చేసి పైన క్యాప్ వేస్తే ఆ పన్ను నీతోపాటు ముసలిదవుతుంది, ఆలస్యం చేస్తే పీకెయ్యడమే అంది. ఆఫీసు ఇన్సూరెన్స్ పంటి పనికి సగమే ఇస్తుంది. మిగతా సగానికి ఆ పక్కన పెట్టిన డబ్బు ఉండనే ఉంది. ఆ మాటే ఇంటికొచ్చి చెప్పింది. “వెనక పన్నేగా, ఎవరు చూడొచ్చారు?” అన్నాడు దామోదర్. “పీకించేసుకో, పది నిమిషాల పని.” ఆ తర్వాత ఇంకోసారి అడిగితే, “ఆ డబ్బు విద్య బ్రేసెస్‌కి కదా, పిల్ల పళ్ళకంటే నీ పళ్ళెక్కువా?” అన్నాడు. తల్లి కాబట్టి ఆ మాటకి జవాబుండదని అతనికి తెలుసు. వేసవిలో ఏలూరు నుంచి వచ్చిన రాజేశ్వరమ్మ, “లవంగం పెట్టుకోవే, అదే సర్దుకుంటుంది. మీ ఉద్యోగాల ఆడవాళ్ళకి అన్నిటికీ హైరానాయే” అంది. శశికళ లవంగం పెట్టుకుంది. లవంగనూనె దూదిలో ముంచి పెట్టుకుంది. ఎడమవైపు నమలడం నేర్చుకుంది, ఎడమవైపు తిరిగి పడుకోవడం నేర్చుకుంది. చల్లటి నీళ్ళు తాగడం మానేసింది. ఆవకాయ మానేసింది. ఒక పన్ను ఆవిడ చేత ఎన్ని మాన్పించిందో ఇంట్లో ఎవరూ గమనించలేదు, ఎందుకంటే వాళ్ళకి అందాల్సినవేవీ ఆగలేదు.

అక్టోబర్లో విద్య సంగతి వాయిదా పడ్డప్పుడు, పిచ్చిది, శశికళ లోలోపల సంతోషించింది. ఇప్పుడైనా అతనే అంటాడు, ఏమేవ్, నీ పన్ను సంగతి చూద్దాం పద, అని. తను అడగకుండా అతనే అనాలని ఎదురుచూసింది. వారాలు ఎదురుచూసింది. అతను మర్చిపోలేదు. అదేం మతిమరుపు కాదు. అతనికి తన కళ్ళు గుర్తొచ్చాయి.

ముందు తనకో కొత్త కళ్ళజోడు చేయించుకున్నాడు. తర్వాత అది పోతే ఉండాలని ఇంకోటి. ఆ తర్వాత అదే పవరుతో చలువ కళ్ళద్దాలు. నోవైలో నవంబర్ నుంచి మార్చి దాకా సూర్యుడు మొహం చూపించడు. అలాంటి ఊళ్ళో, ఆ చీకటి మబ్బులో, నల్లద్దాలు పెట్టుకుని మంచు పారబోస్తూ వాకిట్లో రెండుసార్లు జారాడు. జారినందుకు నడుం పట్టేసింది. నడుం పట్టేసినందుకు సంతోషించాడు కూడా. ఎముకలు సర్దే కైరోప్రాక్టర్ దగ్గరికి వారానికి రెండుసార్లు వెళ్ళొచ్చు, దానికీ రసీదిస్తారు. ఆయన కారు నడపొద్దన్నాడట. అందుకని నడిపేది శశికళ. లోపల దామోదర్ బల్ల మీద బోర్లా పడుకుని హాయిగా మూలుగుతుంటే, బయట అతని కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. నాలుక దానంతటదే పోయి ఆ పన్నుని తాకేది. కోటుకి సెంటు వాసన. ఈ మనిషి ఎంత తేలిగ్గా తన ఒంటిని ప్రేమించుకుంటాడో అనుకునేది. చీమ కుట్టినా ఊళ్ళో డాక్టర్లందరూ వరస కట్టాలి. అతనికి నొప్పి వస్తే అది వార్త. ఆవిడకి వస్తే అది సణుగుడు.

ఈ రోగాలన్నిటికీ ఫోన్లు చేసి టైములు తీసుకునేది కూడా శశికళే, తన ఆఫీసులో, తన భోజనం టైములో. దామోదర్‌కి ఆఫీసులో పర్సనల్ ఫోన్లు చేస్తే బాగుండదట, అతనిది ఇంజనీరు ఉద్యోగం. ఆవిడ పైఅధికారి గ్యారీ ఆ పక్కగా పోతూ, “మళ్ళీ డాక్టరేనా, సాషా?” అని నవ్వేవాడు. ఏడేళ్ళుగా ఆవిడ పేరు సాషా. శశికళ అనడం కష్టమట. సెక్రటరీ సెలవు పెట్టినప్పుడు కాఫీ పెట్టమని అడగడానికి మాత్రం ఆ పేరు వాడికి బాగానే నోరు తిరిగేది. రసీదులు తీసుకునే పర్సనెల్ విభాగంలో డొరతీ అని ఒకావిడ ఉండేది. చెడ్డది కాదు. ఒక రోజు దామోదర్ చలువ కళ్ళద్దాల రసీదు చూసి, కళ్ళజోడు కిందికి దించి, “మీ ఆయనకి ఇన్ని కళ్ళున్నాయా?” అంది. శశికళ నవ్వింది. నవ్వితే పన్ను జివ్వుమంది. ఆ డబ్బుకి చెక్కు ఆవిడ పేరనే వచ్చేది. వెనక సంతకం పెట్టి దామోదర్‌కిచ్చేది. ఇన్నాళ్ళూ అదంతా సంసారమే అనుకుంది.

డిసెంబర్ మొదటి వారంలో పంటి చిగురు వాచింది. డాక్టర్ నొవాక్ దగ్గరికి పరుగెత్తి మందులు రాయించుకుంది. “ఈ నెల దాటనిచ్చావంటే నేనింక దీన్ని నిలబెట్టలేను” అని ఆవిడ కచ్చితంగా చెప్పింది. ఆ సాయంత్రం వచ్చి, కాళ్ళకున్న బూట్లు కూడా విప్పకముందే దామోదర్‌తో అంది. “చీము పట్టిందిట. ఈ నెలలోనే చేయించాలిట. అకౌంట్‌లో ఇంకా డబ్బుందిగా.”

“ఉంది, కానీ అది అమ్మ కళ్ళజోడుకనుకున్నాను,” అన్నాడు దామోదర్. “నీ పన్నుకి జనవరిలో కొత్త ఏడాది డబ్బు వాడొచ్చు. ప్లానింగ్ ఉండాలి శశీ. అమ్మ మార్చిలో వెళ్ళిపోతుంది. నువ్వెక్కడికీ పోవుగా.”

నువ్వెక్కడికీ పోవుగా. ఆ మాట విన్నప్పుడు ఆవిడకి ఒళ్ళు మండింది. వంటింట్లోకి వెళ్ళి మినప్పప్పు కడిగి నానబోసింది. ఒళ్ళు మండినప్పుడు ఏదో ఒకటి కడగడం, నానబెట్టడం ఆవిడకి అలవాటు. ఆ ఇంట్లో ఆవిడ కోపంతో చేసిన ఇడ్లీలు ఎన్ని తిన్నారో ఆ మహారాజులకి తెలియదు.

శనివారం అందరూ మాల్‌లోని కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళారు. శశికళ డ్రైవ్ చేసింది. రాజేశ్వరమ్మ ఒక్కో ఫ్రేమూ పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ, “దీంట్లో పెద్దరికం ఉందిరా దామూ” అంటూ ఒకటి ఎంచుకుంది. ఇంతవరకూ బాగానే ఉంది. ముసలావిడకి చూపు కావాలి, దానికి శశికళకేమీ అభ్యంతరం లేదు. అప్పుడు దామోదర్ కోటు లోపలి జేబులోంచి ఏలూరు నుంచి వచ్చిన ఉత్తరం తీశాడు. అందులో అతని అన్న భీమశంకర్ కంటి పవరు, ఆయన భార్య నాగమణి కంటి పవరు అక్కడి డాక్టరు చేత రాయించి పంపారు. అమ్మ వచ్చేటప్పుడు అమెరికా కళ్ళజోళ్ళు పంపించమని.

కౌంటర్ దగ్గరమ్మాయి ఆ చీటీ అటూ ఇటూ తిప్పి, “ఈ మనుషులేరీ? ముక్కు కొలవాలి, కళ్ళ మధ్య దూరం కొలవాలి” అంది.

“మా అన్నయ్యకి నన్ను కొలిచెయ్. ఒకే తల్లి పిల్లలం,” అన్నాడు దామోదర్. నిలబడి కొలిపించుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, “ఏమేవ్, ఇలా రా. వదినది ఇంచుమించు నీ మొహమే” అన్నాడు.

నాగమణిది గుండ్రటి మొహం, శశికళది కోలమొహం. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ పెళ్ళి ఫోటో అతని ఇంట్లోనే గోడకి ఉంది. అయినా వెళ్ళి నిలబడింది. ఎందుకు నిలబడిందో తర్వాత ఎంత ఆలోచించినా ఆవిడకే అర్థం కాలేదు, పిలిస్తే వెళ్ళే అలవాటు తప్ప. ఆ అమ్మాయి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. బొటనవేలు సరిగ్గా వాచిన దవడ మీద పడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగి, మొహం పక్కకి తిప్పుకుంది.

“కదలకే,” అన్నాడు దామోదర్. “కొలత తప్పుతుంది.”

ఆవిడ కదలకుండా నిలబడింది. ఎక్కడో ఏలూరులో గదిలో కూర్చుని వారపత్రిక చదువుకునే తోడికోడలి కోసం, తన వాచిన దవడ పట్టుకుని తన మొహం కొలుస్తున్నారు. ఆ డబ్బులో ప్రతి పైసా తను పొద్దున్నే ఐదింటికి లేచి, క్యారేజీలు కట్టి, కారు మీద మంచు గీకి, సాషా అనిపించుకుని తెచ్చింది. ఆ డబ్బు తన నోట్లోకి రాదు. అద్దంలో వెనకాల దామోదర్ కనిపించాడు. నల్లద్దాలు నెత్తి మీదికి తోసుకుని, రెండు ఫ్రేములు చేతుల్లో పట్టుకుని ఏది చవకో చూస్తున్నాడు. పక్కన ఎవరికో నొప్పి పుట్టిందని కూడా తెలియనంత నిశ్చింతగా ఉన్నాడు. అంతకుముందు వరకూ ఆవిడకి అతని మీద కోపం ఉండేది. కోపంలో కాస్త ఆశ కూడా ఉంటుంది కాబోలు, ఇవాళ కాకపోతే రేపు తెలుసుకుంటాడని. ఆ అద్దం ముందు ఆ కోపం చప్పున చల్లారిపోయింది. దాని చోట్లో మిగిలింది ఏవగింపు. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో తనే చులకనైపోయానని కుమిలిపోయింది. ఎంత పొరపాటు! చులకన మనిషి అదుగో, అక్కడ నిలబడి బేరమాడుతున్నాడు. ఇంత చిన్నవాడికి భయపడి తను మార్చి నుంచి ఎడమవైపు నములుతోందా అనుకుంటే సిగ్గేసింది.

సోమవారం రాజేశ్వరమ్మ కళ్ళజోడు రసీదు డొరతీకి ఇస్తే, మర్నాడే వెనక్కొచ్చింది. అత్తగారు మీ టాక్స్ కాగితాల్లో లేరు, ఈ ఊళ్ళో చుట్టపుచూపుగా ఉన్నారు, ఆవిడ ఖర్చు ఈ డబ్బులోంచి ఇవ్వడం కుదరదంది. దామోదర్ నిజంగా నివ్వెరపోయాడు. ఏడాది పొడుగునా పులిహోర ప్లేటు పట్టుకుని ఉపన్యాసాలిచ్చిన మనిషికి ఈ ఒక్క విషయం తట్టలేదు.

“డిపెండెంట్ కాదా? మా అమ్మ నా మీద డిపెండ్ కాకపోతే ఇంకెవరి మీద అవుతుంది? ఈ అమెరికావాళ్ళకి తల్లీ తండ్రీ అక్కర్లేదు!” అని గదిలో కాసేపు తిరిగాడు. తిరిగి తిరిగి ఆగి, “పోనీ, మూడు కళ్ళజోళ్ళూ నీవేనని రాసెయ్” అన్నాడు.

“నాకు కళ్ళజోడు లేదు.”

“ఉందనుకో. నలభై వస్తున్నాయిగా, చత్వారం వచ్చిందంటే ఎవరైనా నమ్ముతారు.”

“డొరతీ రోజూ నా మొహం చూస్తుంది.”

“ఇంట్లో పెట్టుకుంటానని చెప్పు. ప్రతిదానికీ ఇలా భయపడితే ఎలా?”

“తెలిస్తే ఉద్యోగం తీసేస్తారు.”

“తీసేస్తే ఇంకోటి చూసుకో. ఈ దేశంలో గుమాస్తా ఉద్యోగాలకేం కరువు?” అన్నాడు దామోదర్, టీవీ పెట్టుకుంటూ. “నాదైతే ఆలోచించాలి గానీ.”

శశికళ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతే అతను ఎప్పుడూ సరేనన్నట్టే తీసుకునేవాడు. పెళ్ళయినప్పట్నుంచీ ఆ లెక్క తప్పలేదు మరి.

ఆ సాయంత్రం శశికళ దూదిలో లవంగనూనె పోసుకుంటుంటే విద్య వంటింటి గట్టు మీద ఎక్కి కూర్చుని చూసింది. “మమ్మీ, నీ టూత్ ఇంకా హర్ట్ చేస్తుందా?”

“కొంచెం.”

“డాక్టర్ దగ్గరికి ఎందుకు పోవు?”

“డాడీతో చెప్పాలి, చూద్దాం.”

“వై?” అంది విద్య. వెటకారం కాదు. ఆ పిల్లకి నిజంగానే అర్థం కాలేదు. “నీకు కార్ ఉంది, జాబ్ ఉంది. ఇట్స్ యువర్ మౌత్.”

శశికళ కూతురి మొహం వైపు చూసింది. రేపు ఈ పిల్లకి ఇరవై అయిదేళ్ళొస్తాయి, ఎవడో ఒకడు కదలకే, కొలత తప్పుతుంది అంటాడు. అప్పుడు ఇదేం చెయ్యాలో నేర్పేది ఎవరు? ఈ వంటింట్లో దూది పట్టుకుని నిలబడ్డ తనేగా. సీసా మూత బిగించి పైఅరలో పెట్టేసింది.

మర్నాడు భోజనం టైములో ఫోన్ తీసింది. గ్యారీ ఆ పక్కగా పోతూ, “ఇవాళ ఎవరికి సాషా?” అని అలవాటుగా నవ్వాడు.

“నాకు,” అంది. “నా పేరు శశికళ. ఏడేళ్ళయింది, నేర్చుకోవచ్చు.” వాడు తెల్లమొహం వేసుకుని వెళ్ళిపోయాడు. డాక్టర్ నొవాక్ క్రిస్మస్ ముందొకసారి, ముప్ఫై ఒకటో తేదీ పొద్దున ఒకసారి రమ్మంది. ఆ రెంటితో లోపలి పని పూర్తవుతుంది, క్యాప్ మాత్రం కొత్త ఏట్లో వెయ్యాలంది. దానికెంతవుతుందో కూడా కనుక్కుంది. అక్కణ్ణుంచి లేచి డొరతీ దగ్గరికి వెళ్ళింది. వచ్చే ఏడాదికి ఎంత పక్కన పెట్టాలో ఆ వారంలోనే రాసివ్వాలి. దామోదర్ ఒక చీటీ మీద పెద్ద అంకె రాసి, మర్చిపోతుందేమోనని ఆవిడ పర్సులో పెట్టాడు. ఆ చీటీ పర్సులోనే ఉంది. ఆవిడ క్యాప్‌కి అయ్యేది, విద్య తీగలకి అయ్యేది కలిపి, అంతవరకే రాసి సంతకం పెట్టింది. “ఈసారి మీ ఆయన కళ్ళకి ఏమీ లేదా?” అంది డొరతీ. “లేదు” అంది శశికళ.

క్రిస్మస్ ముందు మొదటి విడత అయింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. మొహం ఒకవైపు వాచి ఉన్నా వంట టైముకే అయింది కనక ఎవరికీ తేడా తెలియలేదు.

ముప్ఫై ఒకటిన రెండు కంపెనీలకీ సెలవు. శశికళ పొద్దున్నే కోటు వేసుకుని కారు తాళాలు తీసుకుంది. దామోదర్ సోఫాలో నడుం కింద దిండు పెట్టుకుని, పేపర్లోంచి తల ఎత్తకుండానే, “వచ్చేటప్పుడు పాలు తే” అన్నాడు.

ఆవిడ తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. దవడంతా మొద్దుబారి పెదవి ఒక పక్కకి వేలాడుతోంది. నొప్పి మాత్రం లేదు. ఆ నొప్పి లేకపోవడం ఎంత పెద్ద సంగతో దారి పొడుగునా కారులో ఒక్కతే ఆశ్చర్యపోతూ వచ్చింది. లోపల దామోదర్ భోజనాల బల్ల మీద కాగితాలు సర్దుకుని కూర్చున్నాడు. రామమోహన్ కారులో వెళ్ళి ఆ మూడు కళ్ళజోళ్ళూ తెచ్చేసుకున్నాడు. రాజేశ్వరమ్మ తనది అప్పుడే పెట్టేసుకుంది. నాగమణిది పిల్లి కళ్ళలా కోసుదేరిన బంగారు రంగు ఫ్రేము. అది డబ్బాలో మెరుస్తోంది.

“ఎంతసేపే! అన్నీ రాసి పెట్టాను, సంతకం పెట్టు చాలు,” అని కలం అందించాడు. “ఇవాళ కొన్నట్టు రసీదు కూడా రాయించాను. ఒక్క డాలరు కూడా మురిగిపోదు.”

“డబ్బు లేదు,” అంది శశికళ. మొద్దుబారిన నోటితో ఆ మాట ముద్దగా వచ్చింది. అందుకని రెండోసారి నెమ్మదిగా అంది. “అకౌంట్‌లో డబ్బు లేదు. నా పన్నుకి అయిపోయింది. ఇప్పుడే చేయించుకుని వస్తున్నాను.”

దామోదర్ కలం అలాగే పట్టుకుని చూశాడు. “అంతా? నీ ఒక్క పన్నుకే? నాతో ఒక్క మాట చెప్పకుండా తగలేశావా?”

“మార్చి నుంచి చెప్తున్నాను.”

“జనవరిలో చూద్దామన్నానా లేదా? ఇప్పుడు వీటికి డబ్బెవరిస్తారు? మా అమ్మ కళ్ళజోడుకి డబ్బెవరిస్తారు?”

“ఆవిడ కొడుకు ఇస్తాడు,” అంది శశికళ.

రాజేశ్వరమ్మ కొత్త కళ్ళజోడు సర్దుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. “అదేంట్రా దామూ? ఇది కోడలి జీతంలోంచి ఇస్తున్నావా? నువ్వు కొనిపెడుతున్నావని మీ అన్నయ్యకి కూడా రాశానే. పెట్టె నిండా తమ్ముడి కానుకలొస్తున్నాయని వాడు ఊరంతా చెప్పుకుంటున్నాడు.”

“అదీ ఇదీ ఒకటేనమ్మా, సంసారంలో...” అని దామోదర్ నసిగాడు. ముసలావిడ కోడల్ని దగ్గరికేమీ తీసుకోలేదు, ఆవిడ అలాంటి మనిషి కాదు. కళ్ళజోడు తీసి, చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని కొడుకు మొహం వైపు చాలాసేపు చూసింది. దామోదర్‌కి ఎటు చూడాలో తెలియలేదు. మెట్ల మీద కూర్చున్న విద్య వైపు చూశాడు. ఆ పిల్ల తల్లి వైపు చూస్తోంది.

“సరే అయిందేదో అయింది,” అన్నాడు చివరికి, పెద్దమనసు చేసుకున్నట్టు. “వచ్చే ఏటి డబ్బులోంచి ఏదోలా సర్దుకుందాం. నేను రాసిచ్చిన నంబరే వేశావుగా?”

“లేదు. నా క్యాప్‌కీ, విద్య బ్రేసెస్‌కీ సరిపడా వేశాను. సంతకం పెట్టేశాను.”

“అయితే మా కళ్ళకీ...”

“మీకూ జీతమొస్తుందిగా.”

బల్ల మీద కాగితాలు అలాగే ఉన్నాయి. శశికళ కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. పొయ్యి వైపు వెళ్ళలేదు. అందరూ ఆ పొయ్యి వైపే చూస్తున్నారని ఆవిడకి తెలుసు. మధ్యాహ్నం దాటిపోయింది, ఎవరూ బియ్యం కూడా కడగలేదు. “మత్తు దిగేదాకా నన్నేమీ తినొద్దన్నారు,” అంది. “ఆకలైనవాళ్ళు వండుకోవచ్చు. పప్పు ఏ డబ్బాలో ఉందో విద్యకి తెలుసు.”

దామోదర్ గొంతు బాగా తగ్గించి, “మరి పాలు తెచ్చావా?” అన్నాడు.

ఆవిడ చేతిలో ఉన్న కారు తాళాలు అతని ముందు, నాగమణి కళ్ళజోడు పక్కన పెట్టింది.

“నేనెలా డ్రైవ్ చేస్తానే? నా నడుం...”

“ఇన్ని వారాలూ దానికి నా జీతం పోశాం,” అంది శశికళ. “ఈపాటికి బాగయ్యే ఉంటుంది.”

మేడ మీదికి వెళ్ళి, కుడిచెంప దిండుకి ఆనించి పడుకుంది.